ముసలివాళ్ళ వల

జనవరి 29

నా పేరు మత్రోనా. చర్చి పుస్తకంలో ఉన్న పేరు అది. మా భాషలో నాకు ఇంకో పేరుంది, అది కాగితానికి చెప్పేది కాదు. వయసు ఎనభై ఒకటి. ఇంట్లో ఇద్దరమే, నేనూ నా కోడలు ఫెక్లా. నా కొడుకు ఎవోన్ ఆరేళ్ళ కిందట, నది ఇంకా సరిగా గడ్డకట్టని రోజుల్లో మంచుబండి మీద దాటబోయి నీళ్ళలో పోయాడు. ఫెక్లా సముద్రం ఒడ్డు పిల్ల, సీలు జంతువుల నూనెతో పెరిగిన మనుషులు వాళ్ళు. పుట్టింటికి వెళ్ళిపొమ్మన్నాను. వెళ్ళలేదు. ఎందుకని నేను అడగలేదు, అది చెప్పలేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది ఫెక్లాయే. బడిలో పిల్లలకి వంట చేసి వచ్చి, ఉల్లిపాయ వాసన పోని చేతులతో కూర్చుని రాస్తోంది. నేను ఏది చెబితే అది రాయాలి, తనకి నచ్చకపోయినా రాయాలి. అదీ ఒప్పందం. "మరి నన్ను తిట్టినా రాయాలా అత్తయ్యా?" అంది. అది ఇంకా గుండ్రంగా రాయమన్నాను.

ఇది ఏ ఆఫీసుకీ పంపేది కాదు. నా పెట్టెలో ఉంటుంది. ఈ నెలలోనే మేం ఒకటి చెబితే వాళ్ళు ఇంకోటి రాసుకున్నారు. ఇకమీద నేను ఏమన్నానో నా దగ్గర కూడా ఉండాలి.

ఇవాళ గాబ్రియెల్ వచ్చాడు. ఊరి కౌన్సిల్లో కాగితాల పని చూసేది వాడే. మా నాన్న పోయిన ఏడాదే పుట్టాడు, మా నాన్న పేరే పెట్టారు. మా దగ్గర పేరుతో పాటు ఆ మనిషీ తిరిగొస్తాడు. అందుకని నేను వాణ్ణి నాన్నా అంటాను, నలభై ఏళ్ళవాడు నన్ను బిడ్డా అంటాడు. టీ తాగి, గట్టి బిస్కెట్టు మీద వెన్న రాసుకుని తిని, అప్పుడు జేబులోంచి కాగితం తీశాడు.

"బిడ్డా, కోప్పడకు," అన్నాడు ముందే.

"చదువు. కోపం సంగతి తరవాత చూద్దాం."

చదివాడు. మొన్న ఊరి మాట వినడానికి ఫోనులో పెట్టిన హియరింగు గురించి చేపల రూళ్ళ ఆఫీసు రాసుకున్న మాట అది. ఈ ఊరి హాల్లోంచి ముప్ఫై మందికి పైగా హాజరయ్యారట. ముసలివాళ్ళ వల రూలు తీసెయ్యడం మీకు సమ్మతమేనా అని మళ్ళీ మళ్ళీ అడిగారట. ఎవరూ అభ్యంతరం చెప్పలేదట.

ఇంకోసారి చదవమన్నాను. అదే ఉంది.

"నాన్నా, హాలు హాలంతా ముక్కు చిట్లించాం కదా."

"చిట్లించాం."

"నువ్వూ చిట్లించావు. ఫోను పక్కనే కూర్చుని."

"చిట్లించాను," అన్నాడు బిస్కెట్టు పొడి వేలితో ఏరుకుంటూ.

ఔనంటే కనుబొమ్మలు ఎత్తుతాం, కాదంటే ముక్కు చిట్లిస్తాం. దానికి నోరు అరగదీసుకోవడం ఎందుకు. చంటిబిడ్డ కూడా అలాగే చెబుతుంది. ఫోనుకి కళ్ళుండవన్న సంగతి ఆ రోజు హాల్లో ఒక్కరికీ తోచలేదు.

జనవరి 30

నిన్న కోపంలో అసలు సంగతి చెప్పించలేదు. రాయి ఫెక్లా.

జూన్‌లో కింగ్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి నదిలోకి ఎదురెక్కే రోజుల్లో నది మూసేస్తారు. చేప తగ్గిపోయింది, నిజమే, దాన్ని పైకి పోనివ్వాలి. ఎవరూ వల వెయ్యకూడదు. డెబ్భై దాటినవాళ్ళకి మాత్రం, ఒడ్డుకి కట్టుకునే పొట్టి వల ఒకటి, వారానికి ఒక్క రోజు వేసుకోనిస్తారు. నా మొగుడు బతికి ఉండగా వచ్చిన రూలు అది. అందరూ ముసలివాళ్ళ వల అంటారు. నా వల పడేది వేసవిలో మేం ఉండి చేప ఎండబెట్టుకునే మకాం దగ్గర, పాయ మలుపులో. మా నాన్న వేసిన చోటే.

ఇప్పుడు ఫెడరల్ ప్రభుత్వం పాత రూళ్ళన్నీ ఊడ్చేస్తోందట. అక్కర్లేనివి, దుమ్ము పట్టినవి అని. ఆ చీపురు కింద మాదీ పడింది. ఇదివరకైతే ఒక రూలు తియ్యాలన్నా పెట్టాలన్నా ఆఫీసువాళ్ళు విమానం దిగి ఊరూరా వచ్చేవాళ్ళు. మా బురదలో బూట్లు పోగొట్టుకుని, మా చేప తిని, మా మాట రాసుకుని వెళ్ళేవాళ్ళు. వెళ్ళి మళ్ళీ వచ్చేవాళ్ళు. ఏళ్ళు పట్టేది. ఇప్పుడు దగ్గర దారి పట్టారు. తీసేశాం అని ముందే ప్రకటిస్తారు. గడువులోగా ఎవరైనా కారణం చూపించి కాదంటే ఆగుతుంది. ఎవరూ అనకపోతే పోయినట్టే.

గడువు మార్చి 12. ఆ లోపల ఈ ఊరి మాట కాగితానికి ఎక్కకపోతే ఈ జూన్‌లో నా వల నీళ్ళు చూడదు.

జనవరి 31

ఊరుకుంటే ఒప్పుకున్నట్టట. ఇది నాకు మింగుడు పడడం లేదు. మా దగ్గర ఊరుకోగలిగినవాడికి గౌరవం ఎక్కువ.

ఫిబ్రవరి 3

గాబ్రియెల్ అభ్యంతరం రాసుకొచ్చి మా భాషలోకి తిప్పి వినిపించాడు. ఉత్తినే కాదంటే చెల్లదట. కారణం కావాలి, నష్టం ఎంతో చెప్పాలి. అందుకని, 'చేపలో మా న్యాయమైన వాటా మాకు రావాలి, సముద్రంలో పెద్ద ఓడలవాళ్ళు మా చేపని దోచుకుంటున్నారు' అని రాశాడు. ఏడాదికి ఎన్ని చేపలు కావాలి అని ఒక గడి కూడా ఉంది. అది ఖాళీగా ఉంచాడు, నా కోసం.

"నాన్నా, ఇది చేప కోసం కొట్లాట."

"కొట్లాటే బిడ్డా. మరేంటనుకున్నావు?"

మా నాన్న, ముందటి నాన్న, నాకు గట్టిగా నేర్పినవి రెండే. చేప కోసం మనుషులు కొట్లాడుకుంటే చేప వింటుంది, విని ఇంకో నదికి పోతుంది. రాబోయే చేపని ఇన్ని పడతానని ముందే అనకూడదు, అంటే దాన్ని చులకన చేసినట్టు. ఇప్పుడు ఆయన పేరు పెట్టుకున్నవాడు నా ఎదురుగా కూర్చుని గడిలో అంకె వెయ్యమంటున్నాడు.

చెప్పనన్నాను.

ఫెక్లా కలం పక్కన పెట్టింది. "నేను నలభై అని వేసేస్తాను అత్తయ్యా. పాపం నాకు తగలనివ్వండి. మా సీళ్ళు మీ చేపల మాట వినవులెండి."

"నలభై అని నీకెవరు చెప్పారు?"

"వల లాగేది నేనే కదా."

"లాగిన తరవాత ఎంతైనా లెక్కపెట్టుకో. లాగబోయేదానికి లెక్క లేదు."

"ఆఫీసువాళ్ళకి అది అర్థం కాదు."

"వాళ్ళకి అర్థమయ్యేదే చెప్పాలంటే వాళ్ళే చెప్పుకోవచ్చు కదా, నేనెందుకు?"

ఈ ముక్క కూడా రాయమన్నాను. మొహం ముడుచుకుని రాస్తోంది.

ఫిబ్రవరి 5

వాసిలీ వచ్చాడు. నా మొగుడి తమ్ముడు, పక్క వరసలో ఒంటరిగా ఉంటాడు. చర్చిలో ప్రార్థనలు చదివేది ఆయనే. అక్కడ గొంతు గంటలా మోగుతుంది. బయటికొస్తే రోజుకి పట్టుమని పది మాటలు ఉండవు, అన్నీ కనుబొమ్మలే. సాయంత్రం ఆవిరి స్నానం చేసి, ఎర్రటి మొహంతో మా ఇంటికొచ్చి టీ తాగి పోతాడు. నా మొగుడు పోయినప్పటి నుంచీ అంతే.

మార్చి 10న దిగువ ఊళ్ళవాళ్ళకి ఇంకో హియరింగు ఉందని, అందులో మమ్మల్ని కూడా కలపమని గాబ్రియెల్ అడిగి ఒప్పించాడని, ఈసారి నేను మాట్లాడతానని చెప్పాను.

"వద్దు వదినా."

"ఏది వద్దు?"

"ఫోనులో చేపల గురించి అరవడం."

"అరవను. చెబుతాను."

"నువ్వు చెబితే అరిచినట్టే ఉంటుంది."

ఫెక్లా నవ్వింది. వాసిలీ నవ్వలేదు.

"మన చిన్నప్పుడు ఎగువ ఊరివాళ్ళూ మనవాళ్ళూ పడవలు అడ్డం పెట్టుకుని కొట్లాడారు. గుర్తుందా? ఆ మరుసటి వేసవి చేప వచ్చిందా?"

రాలేదు. ఎండబెట్టే గడలు ఖాళీగా నిలబడ్డాయి. మేపలేక కుక్కల్ని చంపుకున్నాం. నాకు గుర్తు లేకపోవడమేమిటి.

"వల పోతే పోనీ వదినా. చేప పోకూడదు."

"వల పోతే జూన్‌లో నీకు చేప తల ఎక్కణ్ణుంచి వస్తుంది?"

నేను అనవలసిన మాట కాదది. తల అంటే ఆయనకి ప్రాణం, దాని కోసమే మాట్లాడుతున్నట్టయింది. ఆయన కప్పు సాసరు మీద బోర్లించాడు. ఇక చాలు అన్నమాట. ఎప్పుడూ రెండో కప్పు తరవాత బోర్లించే మనిషి, ఇవాళ మొదటిది సగంలోనే.

వెళ్ళిపోయాక ఫెక్లా కప్పు కడగబోయింది. ఉండనివ్వమన్నాను.

ఫిబ్రవరి 6

వాసిలీ రాలేదు.

ఫిబ్రవరి 7

రాలేదు. నాకేం.

ఫిబ్రవరి 11

కిటికీ దగ్గర కూర్చుని వల బాగుచేసుకుంటున్నాను. వెలుతురు అక్కడే బాగుంటుంది. "దీపం కింద ఇంకా బాగుంటుంది కదా అత్తయ్యా," అంది ఫెక్లా. కిటికీలోంచి వాసిలీ ఇంటి పొగగొట్టం కనిపిస్తే అది నా తప్పు కాదు. పొగ వస్తోంది. వస్తోందో లేదో చూడాలి కదా, ఈ చలిలో, ఆ వయసులో.

ఫిబ్రవరి 14

ఫెక్లా చేత పైక్ చేప పులుసు పంపాను. గిన్నె శుభ్రంగా కడిగి పంపాడు. మాట పంపలేదు.

ఫిబ్రవరి 20

ఇవాళ నదికి వెళ్ళాను. ఫెక్లా బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది, కావాలనే ప్రతి గుంటలోంచీ పోనిచ్చింది. గాబ్రియెల్ మంచులో కన్నం కొట్టి కింద వేసిన వల చూసుకుంటున్నాడు. నేను అడగబోయేది ఇంట్లో టీ తాగుతూ అడిగేది కాదు.

"కౌన్సిల్ గాబ్రియెల్‌ని అడగడానికి రాలేదు," అన్నాను. "నాన్నని అడగడానికి వచ్చాను."

పార కింద పెట్టాడు. వాడికి ఇది కొత్త కాదు, వాడి చిన్నప్పుడు కూడా అప్పుడప్పుడు ఇలా అడిగేదాన్ని, బంతి వదిలేసి వచ్చి నిలబడేవాడు. కానీ ఇంత పెద్దది ఎప్పుడూ అడగలేదు.

"చేప కోసం కొట్లాడొద్దని నువ్వు నాకు చెప్పావు. ఇప్పుడు నేను మాట్లాడకపోతే వల పోతుంది. మాట్లాడితే నీ మాట పోతుంది. ఏం చెయ్యమంటావు?"

కన్నంలో నీటి మీద పలచగా మంచు పొర కట్టడం మొదలైంది, దాన్ని బూటుతో పగలగొట్టాడు.

"ఆ మాట నీకు ఎప్పుడు చెప్పాను బిడ్డా?"

"పడవల గొడవ అయ్యాక. చేప రాని వేసవి."

"అప్పుడు ఎగువ ఊరివాళ్ళు ఏమయ్యారు?"

"వాళ్ళకీ చేప లేదు. ఆకురాలే కాలంలో ఇద్దరు ఆడవాళ్ళు పడవలో మన మకాంకి వచ్చారు. మన దగ్గర ఉన్న ఎండుచేప కట్టలో సగం నువ్వు వాళ్ళ పడవలో పెట్టావు. అమ్మ నీతో రెండు రోజులు మాట్లాడలేదు."

"సగం ఇచ్చానా?"

"ఇచ్చావు. పెద్ద సగం."

"మరి ఆ మరుసటి ఏడు చేప వచ్చిందా?"

నేను కనుబొమ్మలు ఎత్తాను. వచ్చింది. గడలు వంగిపోయేంత వచ్చింది.

"అయితే నువ్వు ఇవ్వడం గురించి చెప్పు," అన్నాడు. "ఇచ్చేదాని గురించి చెబితే కొట్లాట ఎలా అవుతుంది?"

తరవాత వాడు పార తీసుకుని మళ్ళీ గాబ్రియెల్ అయిపోయాడు. "ఆ గడిలో అంకె కూడా వేస్తే మంచిదే అనుకో," అన్నాడు.

ముక్కు చిట్లించాను.

ఫిబ్రవరి 21

ఇవ్వడం గురించి.

ఫిబ్రవరి 26

ఇల్లిల్లూ తిరిగాను. మొన్న వచ్చారు, మళ్ళీ రండి, ఈసారి నోరు తెచ్చుకుని రండి అన్నాను. అందరూ కనుబొమ్మలు ఎత్తారు. అన్నిష్కా మాత్రం, బడిలో చిన్నపిల్లలకి పాఠం చెప్పేది, తలుపు దగ్గర నిలబెట్టి అడిగింది.

"పిన్నీ, ఒకవేళ నిజంగానే చేప వింటే?"

"వింటుందనే జాగ్రత్తగా మాట్లాడబోతున్నాను. వినదనుకుంటే ఇంత ఆలోచనెందుకు?"

వాసిలీ ఇంటికి వెళ్ళలేదు. ఆ దారిలో మంచు ఎక్కువగా ఉంది.

మార్చి 5

గాలి. విమానం లేదు, ఫోను లేదు. గాబ్రియెల్ టవరు వైపు చూస్తూ తిరుగుతున్నాడని ఫెక్లా చెప్పింది. చూస్తే బాగవుతుందా.

మార్చి 8

ఇంకా గాలి. వల బాగుచెయ్యడం అయిపోయింది. బెండ్లు కూడా కట్టేశాను. వేస్తామో లేదో తెలియని వలకి బెండ్లెందుకని ఫెక్లా అనలేదు. బెండ్లు అందించింది. మంచి పిల్ల. ఇది రాయొద్దులే. రాసేసిందా, సరే.

మార్చి 9

మధ్యాహ్నం గాలి పడిపోయింది. ఫోను మోగింది.

మార్చి 10

వచ్చారు. మొన్నటికన్నా ఎక్కువమందే వచ్చారు. వాసిలీ కూడా వచ్చి, తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. నేను కూడా చూడలేదు, చూడకుండానే తెలిసింది.

ఫోను బల్ల మధ్యలో పెట్టారు. అవతల ప్రెస్కాట్ అనే ఆయన. మర్యాదస్తుడే, జలుబు చేసినట్టుంది. ముందు దిగువ ఊళ్ళవాళ్ళు తమ రూళ్ళ గురించి మాట్లాడారు. తరవాత మమ్మల్ని పిలిచాడు. గాబ్రియెల్ అటుదిటు, ఇటుదటు తిప్పి చెబుతున్నాడు.

పేరు, వయసు చెప్పాను.

"నేను చేపల గురించి మాట్లాడను," అన్నాను.

అవతల ముక్కు చీదిన చప్పుడైంది. "మేడమ్, ఇది చేపల రూలు గురించే కదా?"

"చేప వస్తుందో రాదో దాని ఇష్టం. దాని వెనకాల నేను మాట్లాడను. వచ్చింది ఎక్కడికి పోతుందో చెబుతాను. రాసుకోండి."

చెప్పాను. ముసలివాళ్ళ వలలో పడిన మొదటి చేప ముసలిదాని ఇంట్లో ఉండదు. దాన్ని ఫెక్లా ఒడ్డుకి లాగుతుంది, నా చేతులకి ఇప్పుడు అంత బలం లేదు. నేను కోస్తాను, ఆ పని ఇంకా వచ్చు. పొట్ట దగ్గరి కొవ్వు ముక్క అన్నిష్కా అత్తగారికి పోతుంది, ఆవిడకి పళ్ళు లేవు, అదైతే నోట్లో కరుగుతుంది. వెన్నెముక పులుసు కాచి, బిడ్డని కన్న ఇంటికి పంపుతాం. తల నా మరిదికి. రెండు పక్కల కండా ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇంటికి.

"నా కొడుకు పోయిన తరవాత వచ్చిన వేసవి, ఆ రెండు పక్కలూ మా ఇంటికి వచ్చాయి," అన్నాను. "అవతలి ఒడ్డు ముసలాయన వలలో పడ్డ చేప. ఆయన తనే మోసుకొచ్చాడు. అప్పటికి మేమిద్దరం ఎన్ని రోజులుగా సరిగా తినలేదో నాకు తెలియదు. ఆ రోజు తిన్నాం. నా కోడలు ఆ రోజే సంచీ విప్పి బట్టలు మళ్ళీ గూట్లో పెట్టుకుంది."

గాబ్రియెల్ ఇది తిప్పి చెప్పడానికి కొంచెం టైము తీసుకున్నాడు. ఫెక్లా బల్ల వైపు చూస్తూ కూర్చుంది. నేను చూశానని దానికి ఇన్నాళ్ళూ తెలియదు.

"నాకు తోక మిగులుతుంది. తోక చాలు. జూన్ అంతా నది మూసి ఉన్నప్పుడు, ఈ ఊళ్ళో ఒకరి గుమ్మంలోకి ఇంకొకరు గిన్నె పట్టుకుని వెళ్ళేది ఈ వల వల్లే. అది తీసేస్తే పోయేది నా చేప కాదు. ఆ గుమ్మాలు. ఇదీ నా కారణం, ఇదే నష్టం."

"ధన్యవాదాలు మేడమ్. ఏడాదికి సుమారు ఎన్ని చేపలు పడతాయో చెప్పగలరా?"

"వచ్చినన్ని."

"సుమారుగా?"

"సుమారుగా, వచ్చినన్ని."

ఫోనులో ఏదో ఊళ్ళోంచి ఎవరో నవ్వారు. ఫెక్లా బల్ల కింద నా కాలు తన్నింది. రాయి, తన్నావు. అప్పుడు గాబ్రియెల్ తన సొంత మాటగా ఇంగ్లీషులో చెప్పాడు, ఏమన్నాడో తరవాత ఫెక్లా చెప్పింది. వల పొడుగు, వేసే రోజు రూలులోనే ఉన్నాయి సార్, ఆఫీసు మనిషి ప్రతి వేసవీ వచ్చి చూసుకుని వెళుతున్నాడు, లెక్క మీ దగ్గరే ఉంది, ఆవిణ్ణి అడగొద్దు.

"అవును, ఉంది," అన్నాడాయన మెల్లగా. "ఈ రూలు తీసెయ్యడం ఈ ఊళ్ళో మిగతావాళ్ళకి సమ్మతమేనా?"

హాలు హాలంతా ముక్కు చిట్లించింది.

ఇంత చెప్పి తీసుకొచ్చాక కూడా. ఒక్క నోరు లేవలేదు. ఫోను బుసకొడుతోంది. "ఎవరూ ఏమీ అనరా?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. వాళ్ళు జవాబు చెప్పేశారు, అంతకన్నా గట్టిగా ఎలా చెబుతారు.

"ఉండండి," అన్నాను. "మొన్న మీరు అడిగినప్పుడూ ఈ ఊరు జవాబు చెప్పింది. మొహంతో చెప్పింది, మీకు కనపడలేదు. ఇప్పుడు నేను చూసి చెబుతాను, మీరు పేర్లు రాసుకోండి." ముక్కులు దించొద్దని హాలుకి సైగ చేశాను.

"కిటికీ పక్కన అన్నిష్కా. ముక్కు చిట్లించింది. అంటే కాదు. ఆమె పక్కన మొగుడు జాకర్. చిట్లించాడు. వాళ్ళ వెనక ఒలియానా, చంటిబిడ్డ ఒళ్ళో ఉంది. ఒలియానా చిట్లించింది. బిడ్డ నిద్రపోతోంది, బిడ్డని రాయకండి."

"కొంచెం మెల్లగా మేడమ్," అన్నాడు. టకటకా కొడుతున్న చప్పుడు వినిపించింది.

"కంగారు లేదు. వాళ్ళు అలాగే ఉంటారు."

వరసగా చెప్పుకుంటూ పోయాను. ముక్కులు నొప్పి పుట్టి కొందరు వేళ్ళతో రుద్దుకున్నారు, మళ్ళీ చిట్లించారు. నవ్వొచ్చినా చిట్లించే ఉంచారు. చివరికి తలుపు దగ్గరికి వచ్చాను.

"వాసిలీ, నా మరిది. నేల వైపు చూస్తున్నాడు."

గాబ్రియెల్ నా వైపు చూశాడు.

"చెప్పు నాన్నా. అది కాదనీ కాదు, ఔననీ కాదు. ఉన్నదున్నట్టు రాసుకోమను."

మార్చి 11

పొద్దున్నే గాబ్రియెల్ నా మాటంతా కాగితం చేసి తెచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. నేను చెప్పింది మా భాషలో కాబట్టి, రెండు భాషలూ బాగా వచ్చి, హాల్లో విని, మా ఇంట్లో ఉండనివాళ్ళు ఇద్దరు, తిప్పి చెప్పినవాడు కాకుండా, ఇది ఆవిడ మాటే అని సాక్ష్యం పెట్టాలట. ఫోనులో కూడా చెప్పాలట. లేకపోతే రేపటితో గడువు అయిపోయి ఇది ఉత్త కాగితమే.

"అన్నిష్కా ఒప్పుకుంది," అన్నాడు. "రెండోవాళ్ళే దొరకడం లేదు. ముసలివాళ్ళకి ఇంగ్లీషు రాదు, కుర్రాళ్ళకి నీ మాట సగం అర్థం కాదు. ఇక మిగిలింది..."

"తెలుసు ఎవరో. నేను అడగను."

"ఎందుకు బిడ్డా?"

"ఆయనకి ఇష్టం లేనిదాని కింద ఆయన పేరు అడగడం కూడా కొట్లాటే."

అన్నిష్కా వచ్చి కూర్చుంది. ఫోను కలిపారు. ప్రెస్కాట్ అడిగాడు, అన్నిష్కా చెప్పింది. రెండో సాక్షి ఎవరు అన్నాడు. గాబ్రియెల్ నోరు తెరిచి ఏదో అనబోతుండగా వసారాలో బూట్ల మంచు దులిపిన చప్పుడైంది.

వాసిలీ లోపలికి వచ్చాడు. పొద్దున్నే ఆయన రావడం ఎప్పుడూ లేదు. ఎవరి వైపూ చూడకుండా తన కుర్చీలో కూర్చుని, కాగితం తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, చర్చి పుస్తకం చదివినట్టు పైనుంచి కిందిదాకా చదివాడు. తల నా మరిదికి అన్న చోట వేలు ఆగింది. రెండో పేజీలో నేల వైపు చూస్తున్నాడు అన్న చోట ఇంకా ఎక్కువసేపు ఆగింది.

"ఉన్నదున్నట్టు చెప్పావు," అన్నాడు నాతో.

"ఇంకోలా ఎలా చెబుతాను?"

గాబ్రియెల్ ఫోను ఆయన ముందుకి జరిపాడు.

"మిస్టర్ వాసిలీ, ఇందులో ఉన్నవి నిన్న ఆవిడ చెప్పిన మాటలేనా?" అని అడిగాడు ప్రెస్కాట్.

వాసిలీ కనుబొమ్మలు ఎత్తాడు.

ఫోను బుసకొట్టింది. గాబ్రియెల్ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"హలో? ఉన్నారా?"

"వాసిలీ," అన్నాను. "దానికి కళ్ళు లేవు. నోటితో చెప్పు."

నా వైపు చూశాడు. ఇన్ని రోజుల తరవాత. మళ్ళీ ఫోను వైపు తిరిగాడు.

"ఆమె మాటలే," అన్నాడు. చర్చిలో వినిపించే గొంతు అది, చిన్న వంటింట్లో గిన్నెలు మోగాయి. "నేను విన్నాను. అందులో కొట్లాట లేదు."

ప్రెస్కాట్ రాసుకున్నాడు. తరవాత ఆయన చెప్పింది గాబ్రియెల్ తిప్పి చెప్పాడు. అభ్యంతరం చెల్లింది. తీసివేత దానంతట అది అమల్లోకి రాదు, వెనక్కి తీసుకుంటారు. ఇంకా కావాలనుకుంటే పాత పొడుగు దారిలోనే రావాలి, ఊళ్ళకి వచ్చి అడగాలి. మళ్ళీ వస్తారనే అనుకోమన్నాడు.

"రమ్మను," అన్నాను. "మంచి బూట్లు వేసుకుని రమ్మను."

సాసరు మీద బోర్లించిన కప్పు అక్కడే ఉంది. ఫెక్లా దాన్ని తీసి, కడిగి, వెల్లకిలా పెట్టి, టీ పోసింది. వాసిలీ తాగాడు. ఇంకోటి పోసింది. అదీ తాగాడు. ఈ వేసవి వల వేస్తాను. చేప వస్తే వస్తుంది.

ఆఫీసు కాగితం మీద పెట్టిన గుర్తే దీని కింద కూడా పెట్టి పెట్టెలో దాచమన్నాను. సాక్షులూ ఉన్నారు, వాళ్ళ చేత కూడా పెట్టించాను. నేను చెప్పినదంతా ఫెక్లా నాకు తిరిగి చదివి వినిపించింది. మంచి పిల్ల అన్నది కొట్టెయ్యలేదు.

మత్రోనా గుర్తు: నిలువు గీత, దాని మీద రెండు అడ్డగీతలు. మా వల బెండ్ల మీద ఉండేదే.

విన్నవాళ్ళు: వాసిలీ, మరిది. అన్నిష్కా, ఊరి బడి.

రాసినది: ఫెక్లా, కోడలు.